నడుం నొప్పికి మంచం మందు కాదు



మురమళ్ళ చుట్టుపక్కల ఊడ్పులకు వెళ్లే ఆడవాళ్లకు నడుం నొప్పి కొత్త కాదు. పొద్దుటి నుంచి బురదలో వంగే ఉండాలి. ఇంటికొస్తే బిందెలు, పొయ్యి, చంటిపిల్ల. సార్వా అయ్యాక దాళ్వా. కూలి పోతుందని నొప్పి సంగతి చెప్పుకోరు కూడా.

2020లో ప్రపంచంలో సుమారు 62 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువ. నొప్పి 3 నెలలు దాటితే అది పాత నొప్పి.

వెన్నెముకకు రెండు పక్కలా, లోపల, చిన్న చిన్న కండరాలు ఉంటాయి. పందిరి రాటను తాళ్లు పట్టి ఉంచినట్టు అవి వెన్నును పట్టి ఉంచుతాయి. నొప్పికి భయపడి కదలకుండా ఉంటే అవి సన్నబడతాయి. ఒళ్లు ఎటు ఒరిగిందో మెదడుకు కబురు పంపే వాటిలో అవీ ఉన్నాయి. అందుకే పాత నొప్పి ఉన్న కొంతమందికి నిలకడ తగ్గుతుంది. పొలం గట్టు మీద, తడిసిన రేవు మెట్ల మీద కాలు తడబడుతుంది.

పూర్వం "మంచం దిగొద్దు" అనేవారు. ఇప్పుడు అలా అనరు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత నొప్పికి వ్యాయామం మంచిదని చెప్పింది. నడుం బెల్టు మామూలుగా వద్దంది. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ గుడ్లు కొనుక్కోవచ్చు!

"రోజంతా పనిచేసే నడుముకు మళ్లీ వ్యాయామమా?" అని అత్తగారు అడుగుతుంది. గంటల తరబడి ఒకే తీరున వంగి ఉంటే కండరం అలుస్తుంది గానీ, బలం రాదు.

చాప మీద వెల్లకిలా పడుకోండి. మోకాళ్లు మడవండి. పాదాలు నేలకు ఆనించి, పిరుదులు మెల్లగా పైకెత్తండి. 5 లెక్కపెట్టి దించండి. ఊపిరి బిగబట్టొద్దు.

తర్వాత చంటిబిడ్డ పాకేటట్టు చేతులు, మోకాళ్ల మీద ఉండండి. కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కు చాపండి. మళ్లీ మార్చి చెయ్యండి.

నిలకడ కోసం గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడండి. 10 లెక్కపెట్టండి. కొన్నాళ్లకు ఒక్క వేలు ఆనిస్తే చాలు.

మొదట్లో ఒక్కొక్కటి 5 సార్లు చెయ్యండి. కాస్త సలిపితే భయం లేదు. నొప్పి బాగా పెరిగితే తగ్గించండి. గుణం తెలియడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులకే మానేస్తే ఏం లాభం? గర్భిణులు మాత్రం నర్సమ్మను అడిగే చెయ్యాలి.

కాలు చచ్చుబడినా, తెలియకుండా మూత్రం పోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, నొప్పితో జ్వరం వచ్చినా, కిందపడ్డాక నొప్పి మొదలైనా ఇవేవీ చెయ్యొద్దు. తెల్లారే దాకా ఆగకుండా అమలాపురం పెద్దాసుపత్రికి వెళ్లాలి.