గడచిన తప్పు, దాచిన తప్పు
(పార్వతీపురములో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన కొండ గ్రామములలో చదువుకొన్న యువతీయువకులు నేడు పోలీసు, అటవీ శాఖలకును, కేంద్ర సాయుధ దళములకును దరఖాస్తులు పెట్టుకొనుచున్నారు. పరీక్ష నెగ్గిన పిదప వారు దాటవలసిన గడప ఇంకొకటి కలదు. అదియే పూర్వచరిత్ర విచారణ. అభ్యర్థి నడవడిని గూర్చి విచారించుటకు వచ్చినవారు ముందుగా గ్రామపెద్దలనే అడుగుదురు. కావున ఈ విషయము మనమందరము తెలిసికొనదగినది.

“ఒకప్పుడు గంజాయి త్రాగినవానికి సర్కారు కొలువు దొరకునా?” అని తల్లిదండ్రులు అడుగుచుందురు. దీనికి ఒక్కమాటలో జవాబు చెప్పరాదు. అలవాటు, కేసు, దాపరికము అను మూడింటిని వేరువేరుగా చూడవలెను.

మొదటిది అలవాటు. విచారణ ఫారములో సాధారణముగా అరెస్టు, కేసు, శిక్షలను గూర్చి అడుగుదురు. ఏనాడో అలవాటు మానివేసి, ఏ కేసును లేనివాడు ఆ గడులలో వ్రాయవలసినది లేదు. ఇంకను మానలేనివానికి చట్టమే ఒక దారి చూపినది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము 64-ఎ సెక్షను ప్రకారము, సేవించిన నేరమునకో, స్వల్ప పరిమాణపు నేరమునకో గురియైన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, గుర్తింపు గల సంస్థలో గాని చికిత్స పొందినచో అతనిపై ప్రాసిక్యూషను ఉండదు. చికిత్సను నడుమ విడిచినచో ఆ రక్షణ పోవచ్చును.

రెండవది కేసు. గంజాయి సేవించినందుకు ఆరు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. 20 కిలోలకు మించిన సరకుతో పట్టుబడి నేరము రుజువైనచో పదేండ్లకు తక్కువ కాని కఠిన శిక్షయు, లక్ష రూపాయలకు తక్కువ కాని జరిమానాయు తప్పవు. ఒడిశా సరిహద్దు మనకు చేరువ. కూలి ఆశతో తెలిసి మూట మోసిన కుర్రవాడు “సరకు నాది కాదు” అన్నంత మాత్రమున చట్టము విడువదు. ఒక్క రాత్రి కూలికి బ్రతుకంతయు తాకట్టు పడును.

మూడవది దాపరికము. ఇది పలువురి ఉద్యోగములను పోగొట్టినది. అవతార్ సింగ్ కేసులో 2016 జులై 21న సుప్రీంకోర్టు ఈ విషయమును విశదపరచినది. ఫారములో అడిగిన సంగతిని ఉన్నదున్నట్లు వ్రాయవలెను. స్వల్పమైన కేసైనచో అధికారులు మన్నింపవచ్చును. నిజము వ్రాసినను గతమును తూచి చూచు హక్కు వారికి కలదు. అయితే అడిగినది దాచినచో ఆ దాపరికమే నియామకమును రద్దు చేయుటకు కారణము కావచ్చును. కేసు కొట్టివేయబడినదని తలచి అడిగిన గడిని ఖాళీగా విడువరాదు. పదునెనిమిదేండ్లలోపు జరిగిన నేరమైనచో 2015 నాటి బాలల న్యాయ చట్టపు 24వ సెక్షను సాధారణముగా ఆ మచ్చను అనర్హతగా నిలువనీయదు. పదహారేండ్లు నిండి, ఘోర నేరమునకు పెద్దవారివలె విచారింపబడినవారికి ఈ మినహాయింపు లేదు.

ఇక మన కర్తవ్యము. అడిగినవారికి తెలిసినంతవరకే చెప్పుడు. బంధుప్రీతితో కప్పిపుచ్చరాదు, ఎన్నికల కక్షతో లేని మచ్చ అంటగట్టరాదు. గంజాయి సాగు తెలిసినచో సర్పంచియు, పంచాయతీ సభ్యులును వెంటనే అధికారులకు తెలుపవలెనని చట్టపు 47వ సెక్షను ఆజ్ఞాపించుచున్నది. ఉపేక్షించినవారు శిక్షార్హులు.

గ్రామసభలో ఈ మాటలను పిల్లల చెవిని వేయుడు. దారి తప్పినవానిని వెలివేయక చికిత్సకు తోడుకొనిపొండు. ఫారము నింపునాడు నిజమునే వ్రాయించుడు. మన బిడ్డల కొలువును కాపాడుటకు మన చేతిలోనున్న పని ఇదియే.