ఎముక అతకడం వేరు, చెయ్యి రావడం వేరు

నేను దుబాయ్‌లో సైట్ సూపర్‌వైజర్‌ని. ఐటీఐ ఫిట్టర్ చేసి వచ్చినోణ్ణి, మైకు ముందు మాట్లాడుడు అలవాటు లేదు. రెండు మణికట్లూ విరిగి మళ్ళీ పనికి ఎట్లా పోయానో చెప్పమన్నారు. చెప్తాను.

నేను పడింది పెద్ద ఎత్తు నుంచి కూడా కాదు. చక్రాల స్కాఫోల్డింగ్, రెండు మీటర్లు ఉంటుందేమో. చక్రాలకు బ్రేకు వేసి లేదు. చూసుకోవాల్సింది నేనే, చూసుకోలేదు. పడేటప్పుడు ఎవరైనా చేతులే ముందు పెడతారు కదా, నేనూ పెట్టాను.

కుడి మణికట్టు దగ్గర రేడియస్ అనే ఎముక ముక్కలైంది. ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేశారు. ఎడమ చేతికి మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు, బెణికింది అన్నారు. కానీ బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కితే ప్రాణం పోయేది. నొప్పి తగ్గలేదని మళ్ళీ పోతే, రెండు వారాలకు ఇంకో ఎక్స్‌రే తీశారు. స్కేఫాయిడ్ అనే చిన్న ఎముక పగిలిందని అప్పుడు తెలిసింది. దానికి రక్తం సరిగా అందదు కాబట్టి అతకడం ఆలస్యం. వదిలేస్తే అతకకుండానే ఉండిపోవచ్చు. దానికి మూడు నెలలు పిండికట్టు.

రూమ్‌లో ఉండే తమ్ముడు అన్నం కలిపి తినిపించాడు. స్నానానికీ, లెట్రిన్‌కీ కూడా అతనే. నలభై దాటిన మనిషికి నొప్పి కంటే ఆ సిగ్గే ఎక్కువ. ఇంటికి వీడియో కాల్ చేస్తే ముఖం మాత్రమే చూపించేవాణ్ణి.

ఆరు వారాలకు కుడి ఎముక అతుకుతోంది అన్నారు. సంబరపడి రూమ్‌కు వచ్చి తాళంచెవి తిప్పబోతే తిరగలేదు! ఎముక అతకడం వేరు, చెయ్యి రావడం వేరు అని ఆ రోజే తెలిసింది. మొదటి రోజు నుంచే వేళ్ళు, మోచెయ్యి, భుజం ఆడిస్తూ ఉండమని చెప్పారు. వాపు రాకుండా చెయ్యి గుండె కంటే ఎత్తులో పెట్టమన్నారు. నేను భయపడి వేళ్ళు కూడా సరిగా ఆడించలేదు, అందుకే బిగుసుకుపోయాయి. తర్వాత ఫిజియోథెరపీలో అరచెయ్యి పైకి, కిందికి తిప్పడం, స్పాంజి పిండడం, రోజుకు నాలుగైదు సార్లు. చిన్నపిల్లల పనిలాగే ఉంటుంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి.

ఆ రోజుల్లోనే ఒక విషయం గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. అంతకు ముందు ఏడాది షట్టరింగ్ పిల్లవాడు ఒకడు చెయ్యి మీద పడి, "నొస్తుందన్నా" అంటే, "బామ్ రాసుకో తమ్మీ, రేపటికి తగ్గుతది" అని పనికి పంపాను. రిజిస్టర్‌లో కూడా రాయలేదు. ఫోన్ చేశాను. ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. "బరువెత్తితే ఇప్పటికీ నొస్తది అన్నా" అన్నాడు. కోపం కూడా పడలేదు. కోపపడితేనే బాగుండేదేమో.

రిజిస్టర్‌లో రాయడం ఎందుకు ముఖ్యమో వినండి. యూఏఈలో 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, పనిలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు యజమానిది. వైద్యం జరిగినన్నాళ్ళు, 6 నెలల దాకా పూర్తి జీతం, ఇంకా నయం కాకపోతే మరో 6 నెలలు సగం జీతం. అదే మామూలు జబ్బు సెలవు అని రాస్తే ఏడాదికి 90 రోజులే. అందులో 15 రోజులకు పూర్తి జీతం, 30 రోజులకు సగం, మిగతా రోజులకు ఏమీ లేదు. కాగితం మీద ఒక్క మాట తేడా, ఇంట్లో పొయ్యి వెలగడం తేడా. చదవకుండా సంతకం పెట్టకండి.

అయిదో నెలలో నేను లైట్ డ్యూటీకి పోయాను. డ్రాయింగులు చూడడం, చెకింగ్ చేయడం. నిచ్చెన ఎక్కొద్దని డాక్టరు రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకున్నాను. పోరగాళ్ళ ముందు స్పిరిట్ లెవెల్ చేతిలోంచి జారితే తల వంచుకున్నాను గానీ నిచ్చెన జోలికి పోలేదు. పట్టు లేని చెయ్యితో ఎక్కితే ఈసారి మణికట్టుతో పోదు. పూర్తి బలం రావడానికి ఏడాది పట్టింది. ఎడమది ఇప్పటికీ పూర్తిగా వంగదు.

ఇప్పుడు నా సైట్‌లో ఎవరన్నా చెయ్యి మీద పడితే ముందు ఆ బొటనవేలి గుంటలో నొక్కి చూస్తా. నొప్పి ఉంటే రిజిస్టర్‌లో రాసి ఆస్పత్రికి పంపుతా. వేళ్ళు తిమ్మిరెక్కినా, కట్టు కింద నీలంగా మారినా తెల్లారేదాకా ఆగనివ్వను. బామ్ డబ్బా మాత్రం ఆఫీసులోంచి తీసేశాను.

ఉంటాను మరి. చేతులు జాగ్రత్త.