ఇంటిలో పగడపు దిబ్బ

పగడము అనగానే మనలో చాలమందికి మొదట స్ఫురించునది ఉంగరములో పొదిగిన ఎఱ్ఱని పూస. కుజదోష శాంతికై దానిని ధరించుదురు. నవరత్నములలో ఒకటిగా లెక్కింతురు. రత్నములలో చేర్చితిమి గనుక అదియు ఒక రాయియే అనుకొనుట సహజము. ఐరోపా పండితులకు సైతము ఈ విషయమున చిరకాలము భ్రాంతి తొలగలేదు. కొందరు రాయి అనిరి, కొందరు సముద్రములో మొలచిన చెట్టు అనిరి. 18వ శతాబ్దపు తొలిపాదమున పేసోనెల్ అను ఫ్రెంచి వైద్యుడు, ఆ కొమ్మలపై విచ్చుకొనునవి పువ్వులు కావనియు, ఆహారమునకై చేతులు చాచు ప్రాణులనియు చెప్పగా ఆనాటి విద్వాంసులు వెంటనే విశ్వసింపలేదు.

ఈనాడు మేము శ్రోతలకు మనవి చేయబోవునది ఆ ప్రాణులను గూర్చి. అందును, ఇంటిలో ఒక పెద్ద గాజుతొట్టిలో వానిని పెంచుటను గూర్చి. అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున, హ్యూస్టన్ నగరములోని మా యింట 2018వ సంవత్సరము నుండి అట్టి తొట్టి ఒకటి ఉన్నది. దానిని చూడ వచ్చిన మనవారు అడుగు మొదటి ప్రశ్న "ఎంత ఖర్చయిందండీ?" అని. రెండవది "మీరు ఊరెళ్తే ఎవరు చూస్తారు?" అని. మొదటిదానికి మేము నవ్వి ఊరకుందుము. రెండవదే అసలైన ప్రశ్న అని మాకు ఆలస్యముగా తెలిసినది.

ఆంధ్రప్రదేశము, తెలంగాణములలోని శ్రోతలకు ముందుగా ఒక మాట. భారతదేశమున దిబ్బలు కట్టు గట్టి పగడములు 2001వ సంవత్సరము నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నవి. పులి ఏ జాబితాలో ఉన్నదో ఇవియు ఆ జాబితాలోనే ఉన్నవి. సముద్రము నుండి వానిని తీయుట, అమ్ముట, కొనుట నేరములు. మన్నారు సింధుశాఖలో ఒకప్పుడు పగడపు రాళ్లను తవ్వి సున్నపు బట్టీలకు తరలించెడివారు. అట్టి కాలము గడచిన పిమ్మట వచ్చిన కట్టుబాటు ఇది. కావున మా మాటలు విని అచ్చట ఎవరును ఇట్టి తొట్టికి పూనుకొనరాదు. తొట్టిపై మక్కువ గలవారికి మంచినీటి చేపలు చాలును. వానితోనే చేతినిండ పని ఉండును.

దిబ్బలు కట్టు పగడము మన ఉంగరపు పగడమునకు దూరపు చుట్టము మాత్రమే. ఉంగరపుది మధ్యధరా సముద్రపు లోతులలో, వెలుగు చాలని చోటులలో పెరుగును. దిబ్బ కట్టునది వెచ్చని, తేటయైన, ఎండ తగులు నీటిలోనే బ్రదుకును. ఏలయనగా దాని దేహములో కంటికి కానరాని నాచుకణములు కాపురముండును. అవి ఎండతో ఆహారము వండుకొని అందులో అధికభాగమును ఆతిథ్యమిచ్చిన పగడమునకు పెట్టును. ఎండ లేనిచో నాచు లేదు; నాచు లేనిచో ఈ పగడమునకు కూడు లేదు. నీరు మితిమించి వేడెక్కినప్పుడు ఈ స్నేహము చెడి, నాచు వెడలిపోయి, పగడము సున్నము కొట్టినట్లు తెల్లబడును. గోదావరి, కృష్ణ మొదలగు నదులు తెచ్చు మంచినీరు, ఒండ్రు ఇట్టి ప్రాణులకు గిట్టవు గనుకనే మన తూర్పు తీరమున, దక్షిణపు కొసన తప్ప, చెప్పుకోదగిన దిబ్బలు ఏర్పడలేదు.

ఇట్టి సుకుమారమైన ప్రాణిని ఇంటిలో పెంచవచ్చునని చూపిన తొలివారిలో ఒకడు జకార్తా నగరవాసి లీ చిన్ ఎంగ్. సముద్రము నుండి ప్రాణులతో నిండిన రాళ్లను తెచ్చి, ఎండ తగులు తొట్టిలో ఉంచి, నీటిలోనికి గాలిబుడగలు వదలి ఊరకుండెను. 1961లో ఈ పద్ధతిని ఒక అమెరికా పత్రికలో ప్రకటించెను. శుద్ధి చేయునది యంత్రము కాదు, రాతిలోని సూక్ష్మజీవులే అని ఆయన గ్రహించెను. పిమ్మట జర్మనీలో బెర్లిన్ నగరపు ఔత్సాహికులు ఇదే త్రోవలో చాల దూరము పోయిరి. వారిలో డీట్రిక్ స్ట్యూబర్ అను నతడు తన తొట్టిలో పెరిగిన కొమ్మపగడమును తుంచి తోటివారికి పంచిపెట్టెను. మన తోటలలో గులాబి కొమ్మను తుంచి ఇచ్చినట్లే. మేమును ఆ ముక్కలను "అంటులు" అనియే పిలుచుదుము.

మా తొట్టి ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. అనగా 680 లీటర్లు. అంత పెద్దది ఏల యని అడుగవచ్చును. చెంబెడు నీరు ఒక గడియలో చల్లారును. గుండిగెడు నీరు తెల్లవారుదాక గోరువెచ్చగా ఉండును. ఉప్పులో, వేడిలో, మలినములో వచ్చు మార్పులన్నియు అట్లే. చిన్న తొట్టి అగ్గువ గాని క్షమింపదు. అయితే నీరు, గాజు, రాళ్లు కలిసి టన్నుకు చేరువగును. మేడమీద పెట్టదలచినవారు ఇంజనీరును అడుగక పెట్టరాదు. మాది నేల యింటిలో కాంక్రీటుపై నిలిచినది.

తొట్టి క్రింద మరొక చిన్న తొట్టి ఉండును. మన ఇండ్లలోని నీటి సంపు వంటిదే, పేరును అదియే. పైనుండి పొర్లిన నీరు అందులోనికి దిగి, పంపు ద్వారా మరల పైకి పోవును. అచ్చట ఒక గొట్టములో గాలిని సన్నని బుడగలుగా నీటిలో కలుపగా, మలినము పాలు పొంగినట్లు నురుగై పైకి తేలి ఒక గిన్నెలో పడును. ఆ గిన్నెను కడుగుట ఇంటిలో ఎవరి వంతు అనునది ఇప్పటికిని తేలని విషయము.

కుళాయి నీరు పనికిరాదు. అందులోని క్లోరినుతో చేసిన మందులు, గొట్టముల నుండి వచ్చు రాగి పగడమునకు విషములు. ఆర్వో యంత్రములో వడగట్టిన నీటిలో, తొట్టికి, సంపుకు కలిపి 28 కిలోల సముద్రపు ఉప్పు కలిపితిమి. లీటరుకు 35 గ్రాముల లెక్క. ఇక నీరు ఆవిరియగునప్పుడు ఉప్పు పోదు. నౌపడ ఉప్పుమడులు చూచినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. కావున తగ్గిన నీటిని ఉప్పునీటితో గాక మంచినీటితోనే నింపవలెను. మాకు రోజునకు నాలుగైదు లీటర్లు కావలసివచ్చును.

తరువాత తొట్టిలో ఒక పచ్చి రొయ్యను వేసితిమి. అది కుళ్లి అమ్మోనియా పుట్టవలెను. దానిని తిను సూక్ష్మజీవులు రాళ్లపై పెరుగవలెను. అవి విడుచు నైట్రైటును తిను వేరొక జాతి పిమ్మట పెరుగవలెను. ఈ రెండు జాతులు కుదురుకొనుటకు నెలయో, నెలన్నరయో పట్టును. అప్పటివరకు చూచుటకు ఏమియు ఉండదు: ఉప్పునీరు, రాళ్లు, ఒక కుళ్లిన రొయ్య. మా యింటనున్న అత్తగారు రోజును వచ్చి చూచి, "వేలకు వేలు పోసి దీన్నేనా పెంచుతున్నారు?" అనెడివారు. మేము ఆగలేకపోతిమి. మూడవ వారమున రెండు అందమైన పగడములు కొని పెట్టితిమి. నాలుగు దినములలో వాని మాంసము కరిగి తెల్లని ఎముక మిగిలినది. దుకాణము వారి తప్పేమియు లేదు. నీటిని పరీక్షించు సీసా మా చేతిలోనే ఉన్నది, తొందరలో చూడనైతిమి.

వెలుగు, ప్రవాహముల విషయము త్వరగా చెప్పెదము. ఇప్పటి ఎల్‌ఈడీ దీపములు మిక్కిలి తీవ్రమైనవి. క్రొత్త పగడమునకు వానిని కొద్దికొద్దిగా హెచ్చింపవలెను. నీరు ఒకే దిక్కునకు గాక అలలవలె అటునిటు కదలవలెను. ఇక పగడము ఎదుగుటకు కావలసిన ద్రవ్యము సున్నము. ఎదుగుచున్న తొట్టిలో నీటిలోని కాల్షియము, క్షారము దినదినము తరుగును. దానిని పూరించుటకు నేటి దుకాణములలో నానావిధ ద్రావకములు దొరకును గాని, మేము మొదట వాడినది సున్నపుతేట. చేతికంటకుండ జాగ్రత్తగా కలిపి, పేరుకొననిచ్చి, పైతేటను రాత్రివేళ చుక్కచుక్కగా వదలుదుము.

మూడవ ఏట తొట్టిలో 31 పగడములు, 11 చేపలు ఉండెను. అప్పుడు 2021 ఫిబ్రవరి 15వ తేదీ వచ్చినది.

ఆనాడు టెక్సాసును ముంచిన చలిగాలి అచ్చటివారికి అలవాటు లేనిది. విద్యుత్కేంద్రములు, సహజవాయు బావులు గడ్డకట్టినవి. రాష్ట్రమున 45 లక్షలకు మించిన ఇండ్లకు, వ్యాపారస్థలములకు కరెంటు పోయినది. మా యింట సోమవారము తెల్లవారుజామున రెండున్నరకు దీపములాగినవి. పంపుల చప్పుడు ఆగుటచేతనే మాకు మెలకువ వచ్చినది. మూడేండ్లుగా ఆ చప్పుడులేని రాత్రి మేమెరుగము.

మాకు తోచినది వేడిని కాపాడుట. దుప్పట్లు, బొంతలు తెచ్చి తొట్టి చుట్టును కట్టసాగితిమి. ఇంతలో భీమవరమునకు ఫోను కలిసినది. అచ్చట మధ్యాహ్నము, మా మామగారు చెరువుగట్టున ఉండిరి. వారు చాల ఏండ్లుగా రొయ్యల సాగు చేయుచున్నారు. సంగతి విని అడిగినది ఒక్కటే: "చేపలు ఎక్కడున్నాయి?" పైకి వచ్చి నోళ్లు తెరచుచున్నవని చెప్పితిమి.

"అల్లుడుగారూ, ఆ దుప్పట్లు అవతల పెట్టండి. ఏరేటర్లు ఆగిపోతే మా చెరువులో ముందు పోయేది గాలి. చలి సంగతి తర్వాత చూసుకోవచ్చు. నీళ్లు కదపండి. రొయ్య తేలిందంటే ఇక మనం చేసేదేం ఉండదు."

మాకు ఏ పుస్తకములోను ఇంత సూటిగా కనబడలేదు. బ్యాటరీతో నడచు చిన్న గాలిపంపు ఒకటి పెట్టెలో ఉండెను, దానిని దించితిమి. అది చాలదు గనుక చెంబుతో నీరు ముంచి, జానెడు ఎత్తు నుండి మరల తొట్టిలోనే పోయుట ఆరంభించితిమి. కాగడా దీపము వెలుతురులో పావుగంటకొకరు చొప్పున వంతులు వేసికొంటిమి. అత్తగారును తమ వంతు విడువలేదు. గంట గడచునప్పటికి చేపలు క్రిందికి దిగినవి. అప్పుడు దుప్పట్ల పని.

గ్యాసు పొయ్యి అగ్గిపుల్లతో వెలిగినది. కాచిన నీటిని మూతగట్టి సీసాలలో పోసి తొట్టిలో తేల్చితిమి. అయినను మంగళవారము ఉదయమునకు ఇంటిలోని గాలి 6 డిగ్రీలకు, తొట్టినీరు ఇరువదియైదున్నర నుండి 18 డిగ్రీలకు దిగెను. కుళాయిలో నీటి ధారయు సన్నగిల్లినది. ఆ రాత్రి మా యింటివారు మెల్లగా అడిగిరి: "ఇంత చలిలో పిల్లవాడికి వేడినీళ్లు కాచాలా, వీటికా?" మేము సమాధానము చెప్పలేకపోతిమి. పొయ్యిమీద గిన్నెలు రెండైనవి, మొదటిది పిల్లవానికి.

బుధవారము సాయంకాలము కరెంటు వచ్చినది. నీటిని ఒక్కమారుగా వేడిచేయక దినమంతయు పట్టించి మునుపటి స్థాయికి తెచ్చితిమి. లెక్క చూడగా పగడములలో 9, చేపలలో 1 పోయినవి. కొమ్మపగడములు ఒక్కటియు మిగులలేదు. పుట్టగొడుగు పగడములు, తోలు పగడములు వారమునకు మరల విచ్చుకొనినవి. చచ్చినవానిని వెంటనే తీసి, నీటిలో నాలుగవ వంతు మార్చితిమి. లేకున్న వాని కుళ్లు మిగిలినవానిని కూడ తీసికొనిపోయెడిది.

ఆ వేసవిలో ఒక జనరేటరు కొంటిమి. తొట్టి కొనిన దినముననే కొనవలసినది. 2024 జూలై 8న బెరిల్ తుపాను వచ్చి మరల మూడు దినములు కరెంటు లేకపోగా అది అక్కరకు వచ్చినది. ఆమారు శత్రువు చలి కాదు, ఎండ. నీటిపై ఫ్యాను తిప్పి, ఆవిరితో రెండు డిగ్రీలు తగ్గింపగలిగితిమి.

పోయిన కొమ్మపగడములలో ఆకుపచ్చనిది ఒకటి మాకు ప్రియమైనది. 2019లో దాని అంటునొకదానిని నగరమునకు ఆవలి చివరనున్న ఒక మిత్రునకు ఇచ్చి మరచిపోయితిమి. ఆయన ఇంటివైపు ఆ చలినాడు కరెంటు కొద్ది గంటలే పోయెను. ఏప్రిలులో ఆయన ఒక ఉప్పునీటి సీసా పట్టుకొని మా గుమ్మములో నిలిచెను. అందులో బొటనవ్రేలంత పచ్చని కొమ్మ. ఇప్పుడది రెండు జేనల వెడల్పు పెరిగినది. దానినుండి ఇంతవరకు ఏడు అంటులు తీసి ఏడిండ్లకు ఇచ్చితిమి; ఎవరికిచ్చినదియు గోడమీది కాలెండరులో వ్రాసి ఉంచితిమి.