ఆమోసు మొదట పొరుగు దేశాలనే గద్దించాడు



ఇంటికి వెళ్లాక ఆమోసు గ్రంథం మొదటి రెండు అధ్యాయాలు చదవండి. ప్రవక్త ముందు దమస్కును గద్దిస్తాడు. తర్వాత గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు. వింటున్న ఇశ్రాయేలీయులకు ఎంత హాయిగా ఉండి ఉంటుందో! పొరుగువాడి పాపం మీద ప్రసంగమంటే మన సంఘాల్లోనూ ఆమేన్‌లు గట్టిగానే వినబడతాయి. ఆ మాటలు ఇశ్రాయేలు మీదికి తిరిగాక మాత్రం, బేతేలు యాజకుడు ఆయనను ఊరు వదిలి పొమ్మన్నాడు.

1946లో ఐక్యరాజ్య సమితి మొదటి సర్వసభ్య సమావేశంలోనే మన దేశం దక్షిణాఫ్రికా మీద ఫిర్యాదు చేసింది. అక్కడి భారతీయులను జాతి పేరుతో అణచివేస్తున్నారని. విజయలక్ష్మీ పండిట్ మన బృందానికి నాయకురాలు. ఇది మా ఇంటి విషయం, మీకేం పని అని దక్షిణాఫ్రికా వాదించింది. వాదన నిలవలేదు, డిసెంబరులో తీర్మానం నెగ్గింది. ఆ బాధలో తెలుగువాళ్ల బాధా ఉంది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాల్ చెరకు తోటలకు కూలికి పోయినవాళ్లలో మనవాళ్లు వేలమంది. వాళ్ల మధ్య సేవకు 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్య గారు వెళ్లారు. కాబట్టి ఆ ఫిర్యాదును నేను తక్కువ చేయడం లేదు. అది న్యాయమైనదే.

1965లో జాతి వివక్ష నిర్మూలన ఒడంబడిక రాసేటప్పుడు, వివక్ష నిర్వచనంలో 'వంశం' అనే మాట చేర్చమని కోరింది కూడా మన దేశమే.

ఇక 2001. డర్బన్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా ప్రపంచ సదస్సు. కులం గురించి కూడా మాట్లాడండని దళిత కార్యకర్తలు ఇక్కడినుంచి వెళ్లి అడిగారు. కులం జాతి కాదు, అది మా అంతర్గత విషయం అంది మన ప్రభుత్వం. 1946లో దక్షిణాఫ్రికా ఆడిన మాటే, దక్షిణాఫ్రికా గడ్డ మీదే, మన నోట వచ్చింది! చివరి ప్రకటనలో కులం ఊసు లేదు. మరుసటి ఏడాది సమితి కమిటీ 'వంశం'లో కులం కూడా వస్తుందని చెప్పింది. ఏ పార్టీ అని అడగకండి. ప్రభుత్వం మారాక 2007లోనూ ఆ కమిటీ ముందు మనది అదే వాదన.

అలాగని ఇతర దేశాల గురించి నోరు మూసుకోమనడం లేదు. వేషధారి చెప్పినా నిజం నిజమే. దెబ్బ తిన్నవాడికి ఆ మాట అవసరం.

మన సంగతీ చూద్దాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా దళిత క్రైస్తవులకు షెడ్యూల్డ్ కులాల హోదా లేకుండా చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనల్ని చేర్చలేదు. దీని మీద గొంతు చించుకుంటున్నాం, చించుకోవాలి కూడా. కానీ బళ్లారిలో, బరంపురంలో, షోలాపురంలో తరతరాలుగా ఉంటున్నాం. తెలుగు చదవడం రాని పిల్లలున్నారు మనకు. అయినా సంఘంలో పెళ్లి సంబంధం వస్తే మనలో చాలామంది మొదట అడిగేది మాలా, మాదిగా అనే కదా? ప్రార్థన చేసి మరీ అడుగుతారు.

భోజనాలకు ఇంకా అరగంట ఉంది. దీని మీద యవనస్థులు ముందు మాట్లాడండి. పెద్దలు తర్వాత.