అడిగినదానికి మించి ఆలోచించిన రూపశిల్పి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను సర్ కెన్నెత్ గ్రేంజ్ గారిని గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. ఆయన ఇంగ్లండుకు చెందిన పారిశ్రామిక రూపశిల్పి. యంత్రం నడిచేలా చేయడం ఇంజనీరు పని. అది మనిషి చేతికి, కంటికి ఎలా అందాలో చూడడం ఈయన పని.

1929లో లండన్‌లో ఒక పోలీసు ఉద్యోగి ఇంట ఆయన జన్మించారు. ఆర్టు స్కూలులో చదివి, సైనిక సేవలో యంత్రాల బొమ్మలు గీశారు. 1950లలోనే సొంతంగా సంస్థ పెట్టుకున్నారు. 1958 బ్రస్సెల్స్ ప్రదర్శనలో కోడక్ కంపెనీ విభాగాన్ని అలంకరిస్తూ, కెమెరాలు ఇంత వికారంగా లేకపోతే ప్రదర్శన ఇంకా బాగుండేదని అన్నారట. ఆ మాట కంపెనీ వారి చెవిన పడింది. కోపగించుకోకుండా వారు కెమెరా రూపకల్పన పనే ఆయనకు అప్పగించారు! ఆ తరువాత కెన్‌వుడ్ మిక్సర్, పార్కర్ పెన్ను, లండన్ టాక్సీ వంటివెన్నో ఆయన చేతి మీదుగా వచ్చాయి. 1972లో మరి నలుగురితో కలిసి పెంటాగ్రామ్ అనే సంస్థను స్థాపించారు.

నాకు అన్నిటికన్నా నచ్చినది రైలు కథ. గంటకు 125 మైళ్లు, అంటే సుమారు 200 కిలోమీటర్లు పోయే డీజిల్ రైలుకు ఏ రంగులు వేయాలో చెప్పమని మాత్రమే బ్రిటిష్ రైల్వే వారు ఆయనను అడిగారు. ఆయనకు ముందుభాగం ఆకారమే నచ్చలేదు. సొంత చొరవతో నమూనాలు చేసి, ఇంపీరియల్ కాలేజీ గాలి సొరంగంలో పరీక్షించి, కొత్త ఆకారం చూపించారు. రైల్వే వారు ఒప్పుకున్నారు. 1976లో ఆ రైళ్లు ప్రయాణికుల సేవకు వచ్చి, దశాబ్దాల పాటు నడిచాయి.

మన ఆఫీసుల్లో అడిగినంతవరకే జవాబు రాయడం పద్ధతి. దానికీ కారణాలున్నాయి. కానీ ఫైలు వెనుక ఉన్న మనిషిని గురించి ఒక్క వాక్యం ఎక్కువ రాస్తే పని చెడిపోదు, బాగుపడుతుంది.

ఎనభై దాటాక కూడా ఆయన విశ్రాంతి తీసుకోలేదు. పెద్ద వయసు వారు తేలికగా కూర్చుని లేవగలిగే కుర్చీల మీద పని చేశారు. 2013లో సర్ బిరుదు పొంది, 2024 జూలైలో 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఇక్కడ నాదొక విన్నపం. మన సంఘ భవనానికి కుర్చీలు కొనబోతున్నారు. కొటేషన్లలో అతి తక్కువ ధర చూసి ఆర్డరు వేయకండి. చేతులున్న కుర్చీలు రెండు మూడు రకాలు నమూనాకు తెప్పించండి. డెబ్బై అయిదు దాటిన సభ్యులను, మోకాళ్ల నొప్పులున్న అమ్మలను కూర్చోబెట్టి, లేవమనండి. ఎవరి సాయం లేకుండా లేవగలిగిన కుర్చీనే కొనండి. లేవలేమన్న సంకోచంతో సమావేశాలకు రావడం మానేసిన మిత్రులు మనలో ఉన్నారు. వారు తిరిగి వస్తే ఆ నాలుగు డబ్బులు దండగ కావు.