ఇంటి తెరపై ప్రతినాయకుని ఊరు



ప్రతినాయకుడు లేని నాటకము రక్తి కట్టదు. పద్యనాటకముల కాలమున దుర్యోధనుని పద్యమునకును 'వన్స్‌మోర్' పడినది. 1977లో 'దానవీరశూరకర్ణ'లో రామారావుగారి సుయోధనుని జనులు నెత్తిన పెట్టుకొనిరి. ఆ సుయోధనుడు మన పొరుగింటివానికి చుట్టము కాడు గనుక ఎవరికిని నొప్పి కలుగలేదు. నేటి ఇంటి తెర నాటకములలో దుష్టునకు ఒక భాష, ఒక మతము, ఒక ఊరు ఉండుచున్నవి. చిక్కంతయు అక్కడనే యున్నది.

'ది ఫ్యామిలీ మ్యాన్' అను హిందీ ధారావాహికను మీలో అనేకులు చూచియుందురు. దానిని తీసిన రాజ్, డీకేలు ఇరువురును చిత్తూరు సీమవారు, మన భాషవారు. 2019లో వచ్చిన మొదటి భాగమున ముఖ్య దుష్టుడు కేరళ ముస్లిం యువకుడు. 2021 జూన్ 4న వచ్చిన రెండవ భాగమున ఈళపు తమిళ యోధురాలు రాజి. ఆ పాత్ర ధరించినది సమంత. 2025లో వచ్చిన మూడవ భాగము ఈశాన్యమునకు పోయినది. కథానాయకుని సంసారము ముంబాయిలో; దుష్టుని పుట్టిల్లు మాత్రము ఎప్పుడును దేశపు టంచుననో, దాని కావలనో!

రెండవ భాగపు ట్రైలరు 2021 మే నెలలో వెలువడగానే తమిళనాట అలజడి రేగినది. మే 24న రాష్ట్ర మంత్రి మనో తంగరాజ్ గారు దానిని నిలిపివేయవలెనని కేంద్రమంత్రి ప్రకాశ్ జావడేకర్ గారికి లేఖ వ్రాసిరి. తరతరములుగా తమిళుల నడుమ బ్రతుకుచున్న మనకు 'తీసినది మీవాళ్లే కదా' అను మాట ఎదురగుట సహజము. దానికి బదులు చెప్పవలసినవారము మనమే.

పూర్తిగా చూచిన పిదప మేము మెచ్చినవి లేకపోలేదు. తమిళ పాత్రలు తమిళముననే మాటలాడినవి. రాజి తుపాకి పట్టుటకు వెనుకనున్న వేదన చూపబడినది. ముత్తు పాండ్యన్, ఉమయాళ్ అను తమిళ అధికారులు హిందీ అధికారికి ఏమాత్రము తీసిపోలేదు. చెల్లం సారు సంగతి చెప్పనక్కరలేదు. ఆయన దేశమంతటికిని ముద్దయినాడు.

అయితే ఆ నటి మేనిఛాయను నల్లబరచుట ఎందుకు? ఈళములో పుట్టినవారందరును ఒకే రంగువారా? అంతకంటెను బరువైనది మరియొకటి కలదు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగినది. అది చరిత్ర; దాని నీడను కథకు వాడుకొనుటలో తప్పు లేదు. కాని ఈళపు దళమును పాకిస్తాను గూఢచారితో ముడివేయుట కథకై కల్పించిన పొత్తు. 2009లో ముగిసిన యుద్ధమున చనిపోయినవారి తల్లిదండ్రులు, బిడ్డలు ఇంకను కన్నీరు పెట్టుచున్నారు. ఇద్దరు శత్రువులను ఒకే మూటలో కట్టుట రచయితకు సులువు, వారికి అవమానము.

నిషేధమును మేము కోరము. సంఖ్యాబలము గలవారు కోరిన ప్రతి నిషేధమును ప్రభుత్వములు చెల్లించుచు పోయినచో, మనవంటి కొద్దిమంది నోరు తొలుత మూతపడును. ఇంటి దోషమును చూపుట ఈ దర్శకులకు చేతకానిదియు కాదు. మొదటి భాగమున కరీం అను నిరపరాధి విద్యార్థి అధికారుల తుపాకికి బలియగుటయు, ఆ నిజమును వారే కప్పిపుచ్చుటయు చూపిరి. ఆ ఘట్టము మమ్ము రెండు దినములు నిద్రపోనీయలేదు. అమెరికా ధారావాహిక '24'లో సయితము, 2005లో ముస్లిం సంఘములు ఆక్షేపించిన మరుసటి సంవత్సరమే, దుష్టస్థానమున దేశాధ్యక్షుడే కూర్చుండెను.

ఈ మాటలనే ఆ దర్శకులకు తెలుగున ఒక లేఖగా వ్రాసి యుంచితిమి. చేవ్రాలు చేయదలచినవారు సభ ముగిసిన పిదప కార్యదర్శిగారి బల్లయొద్దకు దయచేయ ప్రార్థన. తమిళ మిత్రులును వచ్చియున్నారు. వారి కొరకు తమిళ ప్రతియు సిద్ధముగా నున్నది.