పటములోని తెల్లని చోటు
(తఖత్‌పూర్ తెలుగు సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు ఒక పాత పటమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. దాన్‌విల్ అను ఫ్రెంచి భూగోళవేత్త తమ ఈస్టిండియా కంపెనీ కొరకు 1752లో పారిస్ నగరమున వెలువరించిన భారతదేశ పటమది.

ఆ మరుసటి సంవత్సరమే అందలి మన కోస్తా సీమ ఫ్రెంచివారి రాష్ట్రమైనది. తనకు అండగా నిలిచిన బుస్సీ సైన్యపు జీతబత్తెములకై సలాబత్ జంగు 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను వారికి ఒప్పగించెను. ఆ యేలుబడి ఆరేండ్ల ముచ్చట. 1757లో బొబ్బిలి కోట కూలినది. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిరి. 1759 ఏప్రిలులో బందరు కోట ఆంగ్లేయుల వశమైనది. నడుమ కొన్నిమార్లు చేజారినను, యానాము మాత్రము 1954 వరకు ఫ్రెంచివారిదిగా నుండెను.

ఆ కాలమున పటము అచ్చువేయుట సామాన్యమైన పని కాదు. నునుపైన రాగిరేకుపై ఉక్కు ఉలితో నదులను, కొండలను, ఊళ్ల పేర్లను అద్దములో కనబడునట్లు కుడియెడమలు తారుమారుగా చెక్కవలెను. ఆ గీతలలో సిరా నింపి, పైసిరా తుడిచి, తడికాగితము పరచి యంత్రమున గట్టిగా నొక్కుదురు. రేకు అంచు కాగితముపై పల్లముగా దిగబడును. పాత అచ్చును గుర్తించుటకు అదియొక ఆనవాలు.

దాన్‌విల్ మన దేశమునకు ఎన్నడును రాలేదు. నావికుల దినచర్యలను, మతగురువుల లేఖలను, బాటసారుల వృత్తాంతములను పోల్చి చూచి పటము గీచెను. పూర్వులు తెలియని తావులను ఏనుగుల బొమ్మలతోను, సింహముల బొమ్మలతోను కప్పిపుచ్చెడివారు. ఈయన తూర్పుతీరము వెనుకనున్న లోపలి దేశములో పెద్ద మేర తెల్లగా విడిచి, ఇచటి సంగతి విశేషముగా తెలియదని చెక్కించెను.

ఆ తెల్లని మేర మన ఛత్తీస్‌గఢ్ దిక్కుననే యున్నది. మరి ఈ సీమ శూన్యమా? రతనపూర్ హైహయ రాజులు శతాబ్దములు ఏలిన నేల యిది. ఈ తఖత్‌పూర్ ఆ వంశపు రాజు తఖత్ సింగు పేర వెలసినదే. పటము వెలువడుటకు పదునొకండేండ్ల ముందే, 1741లో, భోంస్లేల సేనాని భాస్కరపంతు రతనపూర్‌ను లోబరచుకొనెను. ఇంత చరిత్ర యున్నను పారిస్‌లోని వానికి చెప్పినవారు లేకపోయిరి.

అయ్యలారా, అమ్మలారా! తరువాత రైలుమార్గము బిలాసపూర్ చేరినది. ఆ కొలువుల వెంట మన పెద్దలెందరో ఈ ప్రాంతమునకు తరలివచ్చిరి. నేడు మన పిల్లలకు బిలాసపూర్ వీధులన్నియు తెలియును. తాతగారి ఊరేదని అడిగిన తల్లివంక చూతురు. మన ఇంటి పటములోను తెల్లని చోటు పెరుగుచున్నది.

కావున ప్రతి కుటుంబము తమ ఊరు, తాలూకా, ఇచటికి వచ్చిన సంవత్సరము, వచ్చినవారి పేరు ఒక పుస్తకములో వ్రాసి యుంచవలెనని నా విన్నపము. పెద్దలు మన నడుమ ఉండగనే అడుగుడు. తెలియని చోట గొప్పకై కల్పింపక, తెల్లగా విడువుడు. దాన్‌విల్ విడిచిన చోట్లను 1782లో రెన్నెల్ పటము మొదలుకొని తరువాతివారు క్రమముగా పూరించిరి. మనము నిజాయితీగా విడిచిన చోటును మన బిడ్డలు పూరింతురు.

సెలవు.